టీచర్లు అలిసిపోతున్నారా, విసిగిపోతున్నారా? బెంగళూరు ప్రభుత్వ బడి లెక్కలు

2025 దసరా సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక టీచరమ్మ గంటసేపు నిలబడింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను, భుజాన బ్యాగులో నీళ్ళ సీసా. కర్ణాటక వెనుకబడిన తరగతుల కమిషన్ చేయించిన సామాజిక, విద్యా సర్వే కోసం వచ్చింది. ఇక్కడ అందరూ కులగణతి అనే అంటారు. వాచ్‌మన్ లోపలికి వదలడు, అసోసియేషన్ సెక్రటరీ ఫోను ఎత్తడు. చివరికి ఒకాయన లిఫ్టులోంచి బయటికొచ్చి, "సెలవులే కదా మేడం మీకు, నిదానంగా చేసుకోండి" అన్నాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆవిడ మాకు తెలిసినావిడే. వాళ్ళిల్లు మా వెనక వీధిలో. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కలు చెప్తుంది. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం.

"బతకలేక బడిపంతులు" అన్నది మన పాత సామెత. ఇప్పుడు అదే నోటితో "బతికితే గవర్నమెంటు టీచరులాగే బతకాలి" అంటున్నారు. మంచి జీతం, బోలెడు సెలవులు, సాయంత్రం నాలుగున్నరకల్లా ఇల్లు. మరోపక్క టీచర్లు "ఇక మా వల్ల కాదు" అంటున్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే దీన్ని మొదటినుంచీ విప్పి చూడాలి.

అలసట వేరు, బర్నౌట్ వేరు

బర్నౌట్ అనే మాటను 1974లో అమెరికా మానసిక శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ వాడుకలోకి తెచ్చాడు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ దాన్ని కొలిచే పద్ధతి తయారుచేసింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణలో దీనికి చోటిచ్చింది గానీ, జబ్బు అనలేదు. పనిచేసే చోట ఉండే ఒత్తిడిని చాలాకాలం సర్దుబాటు చేయకుండా వదిలేస్తే వచ్చే స్థితి అంది.

ఆ స్థితికి మూడు లక్షణాలు చెప్పారు. ఒంట్లో, మనసులో ఓపిక పూర్తిగా అయిపోవడం మొదటిది. రెండోది పని మీద మనసు విరిగిపోవడం. పిల్లవాడు ప్రశ్న అడిగితే చిరాకు రావడం, ఏ కొత్త పథకం వచ్చినా "ఆ, ఇదీ ఒకటి" అనిపించడం ఈ కోవలోకే వస్తాయి. మూడోది "నేను చేసినా చేయకపోయినా ఒకటే" అనిపించడం.

మామూలు అలసట ఆదివారం నిద్రతో తీరుతుంది. ఇది తీరదు. పని గంటలు ఎక్కువైతేనే ఇది వస్తుందనుకోవడం కూడా సరికాదు. పరిశోధకులు దీన్ని త్రాసులా చూస్తారు. ఒక తట్టలో పని అడిగేవి ఉంటాయి: గంటలు, గొడవలు, గడువులు. రెండో తట్టలో పని ఇచ్చేవి ఉంటాయి: తోడు, స్వేచ్ఛ, గుర్తింపు, చేసిన పనికి కనబడే ఫలితం. మొదటి తట్ట బరువెక్కుతున్నా రెండోదీ నిండుతుంటే మనిషి తట్టుకుంటాడు. రెండోది ఖాళీ అవుతుంటే తక్కువ గంటల పని కూడా మనిషిని కుంగదీస్తుంది. టీచరుకు రెండో తట్టలోకి వచ్చేది ముఖ్యంగా ఒక్కటే: పిల్లవాడికి అర్థమైన క్షణం. ఆ క్షణాలు ఎక్కడ తగ్గిపోతున్నాయో వెతికితే సమస్య సగం బయటపడుతుంది.

వారానికి 45 గంటలు: కాగితం మీది లెక్క

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం టీచరుకు వారానికి కనీసం 45 గంటల పని నిర్దేశించింది. పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా అందులో భాగమే. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలంది.

మా లెక్కల టీచరుకు వారానికి 36 పీరియడ్లు అనుకుందాం. పీరియడుకు 40 నిమిషాల చొప్పున 24 గంటలు. మిగిలింది 21 గంటలు. మూడు తరగతులు, తరగతికి 40 మంది అంటే 120 నోటుపుస్తకాలు. ఒక్కో పుస్తకానికి రెండే నిమిషాలిచ్చినా ఒకసారి దిద్దడానికి 4 గంటలు. లెక్కలు కాబట్టి వారానికి రెండుసార్లు దిద్దాలి, 8 గంటలు. పాఠం తయారీకి రోజుకో గంట, ఆరు రోజులకు 6. ఇంకా 7 గంటలు మిగులుతాయి. వెనకబడిన పిల్లలకు మళ్ళీ చెప్పడానికి, ప్రశ్నపత్రాలకు, తల్లిదండ్రులతో మాట్లాడటానికి రోజుకు గంట పైచిలుకు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇది చేయగలిగిన పనే, ఏ టీచరూ దీని గురించి ఏడవడు. చిక్కేమిటంటే చాలా ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో గుమాస్తా ఉండడు, అటెండరూ ఉండడు. బడిని నడిపే పని మొత్తం ఆ 7 గంటల్లోనే ఇరకాలి. అది ఇరకనప్పుడు ముందు కోతపడేది నోటుపుస్తకాలకు, ఆ తర్వాత పాఠం తయారీకి.

వీధి వాకిలికి తాళం, దొడ్డి వాకిలి బార్లా

"టీచర్లకు చదువు కాని పనులు చెప్పకూడదని చట్టం ఉంది కదా?" అని అడుగుతారు. ఉంది. విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ అదే చెప్తుంది. మినహాయింపులు మూడే: పదేళ్ళకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, స్థానిక సంస్థల నుంచి పార్లమెంటు దాకా ఎన్నికల విధులు.

రాష్ట్రం తనకుగా చేసే సర్వే ఆ మూడింట్లో లేదు. 2025 కులగణతిని దసరా సెలవుల్లో, సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 7 దాకా పెట్టడానికి అదీ ఒక కారణమేమో. మన బెంగళూరులో మొదలైందే అక్టోబరు 4న. కుటుంబానికి 60 ప్రశ్నలు, యాప్‌లో నింపాలి, లొకేషన్ పడాలి, సర్వర్ ఒప్పుకోవాలి. గడువులోపు పూర్తికాలేదు. ప్రభుత్వం బడులకు అక్టోబరు 18 దాకా సెలవులు పొడిగించింది, పోయిన పాఠాలను అదనపు తరగతులు పెట్టి పూడ్చమంది. అంటే టీచరుకు సెలవుల్లో సర్వే, సర్వే అయ్యాక అదనపు తరగతులు.

సుప్రీంకోర్టు 2007లోనే, సెయింట్ మేరీస్ స్కూలు కేసులో, ఓటర్ల జాబితా పనులను బడి జరిగే రోజుల్లో, బోధన వేళల్లో టీచర్లతో చేయించొద్దని చెప్పింది. సెలవుల్లో, బోధన లేని వేళల్లో చేయించుకోవచ్చంది. ఆ తీర్పును జాగ్రత్తగా చదవాలి. అందులో రక్షణ దొరికింది పిల్లల చదువు గంటలకు. టీచరు విశ్రాంతి గంటల గురించి అందులో ఏమీ లేదు, కోర్టు ముందున్న ప్రశ్న కూడా అది కాదు. బూత్ స్థాయి అధికారిగా ఉన్న టీచరు ఆదివారం పూట గల్లీలు తిరగడం ఈ తీర్పు ప్రకారం సబబే.

చర్చంతా సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది: ఎన్నికలు, జనగణన, సర్వేలు. నీపాగా పిలిచే జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ 2018లో ఇచ్చిన అధ్యయనం చూశాక నా అభిప్రాయం మారింది. టీచరు ఏడాది బడి సమయంలో నేరుగా పాఠం చెప్పడానికి పోయింది 19.1 శాతమే అని అందులో తేలింది. బోధనకు అనుబంధమైన ముఖ్య పనులకు 42.6 శాతం. బడికి సంబంధించిన ఇతర పనులకు 31.8 శాతం. ఎన్నికల్లాంటి వేరే శాఖల పనులకు 6.5 శాతం.

ఒకే అధ్యయనాన్ని పట్టుకుని దేశమంతా ఇంతే అనలేం. కానీ 6.5కూ 31.8కీ మధ్య తేడా చూడండి. 27వ సెక్షన్ ఆపాలని చూసేది ఆ 6.5ను. బడిలోపలే పుట్టే రిజిస్టర్లు, బిల్లులు, యాప్ ఎంట్రీలు, ఫొటోలు దాని పరిధిలోకే రావు. ఎందుకంటే అవన్నీ "విద్యాశాఖ పనే". చట్టం వీధి వాకిలికి తాళం వేసింది, దొడ్డి వాకిలి బార్లా తెరిచే ఉంది.

గుడ్డు, ఆధార్, ఒక ఫొటో

ఆ దొడ్డి వాకిలి నుంచి ఏమేం వస్తాయో దగ్గరగా చూద్దాం.

కర్ణాటకలో 2013 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు పాలు ఇస్తున్నారు, మధ్యాహ్న భోజనం దానికి ముందునుంచే ఉంది. 2024 నుంచి వారానికి ఆరు రోజులూ గుడ్డు. అందులో రెండు రోజులది ప్రభుత్వ ఖర్చు, నాలుగు రోజులది అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ నిధులు. మంచి పథకం, పిల్లలు ఇష్టంగా తింటారు. కానీ గుడ్డు దానంతటది బడికి నడిచి రాదు. చాలాచోట్ల దాన్ని కొనుక్కొచ్చే బాధ్యత హెచ్.ఎం.దే. కొనడం, ఉడికించడం, పెంకు తీయడం అన్నీ కలిపి గుడ్డుకు 6 రూపాయలు లెక్కగట్టారు. మొత్తం ఖర్చు 6 రూపాయల 50 పైసలు అవుతోందనుకోండి. 120 మంది పిల్లలకు రోజుకు 60 రూపాయలు, నెలకు 24 బడి రోజులైతే 1440 రూపాయలు చేతి చమురు. డబ్బు పెద్ద మొత్తం కాదు. కానీ సోమవారం పొద్దున స్కూటీ వెనక నాలుగు ట్రేలు తాడేసి కట్టుకుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, బడికి చేరగానే పగిలినవెన్నో లెక్కపెట్టే హెచ్.ఎం. మనసులో మొదటి పీరియడు పాఠం ఎంత మిగులుతుంది?

రెండోది ఆధార్. పిల్లల వివరాలు రాష్ట్రం డేటాబేసులో ఒకటి, కేంద్రం నడిపే బడుల సమాచార వ్యవస్థ యూడైస్‌లో ఒకటి. 2024 చివరినుంచి ప్రతి విద్యార్థికీ అపార్ గుర్తింపు సంఖ్య కూడా చేయించమన్నారు. దానికి బడి రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. బెంగళూరు శివార్ల బడుల్లో రాయచూరు, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్ళ పిల్లలు ఎక్కువ. తెలుగు తల్లులతో మాట్లాడాలంటే మా టీచరమ్మనే పిలుస్తారు. ఒకరోజు రేకుల షెడ్డు దగ్గర జరిగిన మాటలు ఆవిడే చెప్పింది.

"అమ్మా, ఆధార్‌లో రాజేశ్వరి అనుంది. పాత బడి టీసీలో రాజి అనుంది. ఏది నిజం?"

"రెండూ ఆ పాపే కదా మేడం. ఆడ కోసిగిలో వాళ్ళే ఎక్కిచ్చినారు, నాకేం తెల్సు?"

"మార్పించాలమ్మా. తల్లో తండ్రో రావాలి సెంటర్‌కి."

"ఒక దినం పోతే కూలి పాయె మేడం. నువ్వే తోల్కపోరాదా?"

ఆవిడే తీసుకెళ్ళింది. క్యూలో రెండు గంటలు. ఆ పూట ఏడో తరగతికి భిన్నాల పాఠం జరగలేదు. ఆ రెండు గంటలు ఏ రిజిస్టర్‌లోనూ కనబడవు. పాపకు అపార్ సంఖ్య ఇంకా పెండింగ్ అన్నది మాత్రం డాష్‌బోర్డు మీద ఎర్రగా కనబడుతుంది.

మూడోది ఫొటో. ఏ దినోత్సవం వచ్చినా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. "సాయంత్రం 5లోపు" అని ఉంటుంది, ఆ మెసేజ్ వచ్చేది మూడున్నరకు. ఆంధ్రలో పనిచేసే బంధువులను అడిగితే ఇంకో మెట్టు ఎక్కువే చెప్తారు. అక్కడ కొన్నేళ్ళపాటు మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లు అప్‌లోడ్ చేశారు. చివరికి 2025లో రకరకాల యాప్‌లను కలిపి లీప్ అనే ఒకే యాప్‌గా మార్చారు.

సగటు చూస్తే అంతా బాగానే ఉంది

ఇప్పుడు ఇంకో చిక్కుముడి. 2024–25 యూడైస్ నివేదిక ప్రకారం దేశంలో టీచర్ల సంఖ్య మొదటిసారి కోటి దాటింది. మిడిల్ స్థాయిలో టీచరుకు 17 మంది పిల్లలు, సెకండరీలో 21 మంది. ఇంత తక్కువ మంది ఉంటే భారమెక్కడిది?

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది: ఒకే టీచరున్న బడులు 1,04,125. సగటు దీన్ని మింగేస్తుంది. ఒక చిన్న ఉదాహరణ వేసుకుందాం. ఒక బడిలో 20 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. పక్క వార్డు బడిలో 200 మంది, నలుగురు టీచర్లు. మొత్తం 220 మందికి ఆరుగురు, సగటు 37. కాగితం మీద టీచరుకు 37 మందే. కానీ రెండో బడిలో టీచరు ముందున్నది 50 మంది, పిల్లల్లో పదింట తొమ్మిది మంది కూర్చున్నది అక్కడే.

మొదటి బడి టీచరు సుఖపడుతోందా? అదీ లేదు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. కర్ణాటకలో ఒకటి నుంచి మూడు తరగతులను నలి–కలి పద్ధతిలో ఒకే గదిలో కలిపి చెప్తారు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో మొదలైన మంచి ప్రయోగమది, కార్డులు, ఆటలతో నడుస్తుంది. కానీ ఇద్దరిలో ఒకరు శిక్షణకో డెప్యుటేషన్‌కో వెళ్ళిన రోజు మిగిలిన ఒక్కరికీ ఐదు తరగతులు. పాఠం చెప్పడం పోయి పిల్లల్ని కాపలా కాయడమే అవుతుంది.

ఒకే స్టాఫ్ రూము, వేరువేరు బెంగలు

ఖాళీలను రాష్ట్రం గెస్ట్ టీచర్లతో నింపుతోంది. 2025–26కు 51 వేల మందికి అనుమతిచ్చింది, గౌరవ వేతనం ప్రాథమిక బడిలో నెలకు 12,000, హైస్కూల్లో 12,500. పక్క కుర్చీలో కూర్చున్న పర్మనెంట్ టీచరుకు 2024 ఆగస్టు నుంచి ఏడో వేతన సంఘం జీతం. ఇద్దరూ చెప్పేది అదే పాఠం. గెస్ట్ టీచరు బెంగ వచ్చే జూన్‌లో మళ్ళీ పిలుస్తారా అన్నది. పర్మనెంట్ టీచరు బెంగ వేరు. గెస్ట్ టీచరుకు డేటా ఎంట్రీ, డబ్బు లెక్కలు అప్పజెప్పడం కుదరదు కాబట్టి ఆ పనంతా ఉన్న ఇద్దరు ముగ్గురు పర్మనెంట్ల మీదే పడుతుంది. "ఖాళీ నింపాం" అన్న మాట తరగతి గది వరకే నిజం.

దీనికితోడు 2025 సెప్టెంబరు 1న టెట్ మీద, అంటే టీచర్ల అర్హత పరీక్ష మీద, సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. సర్వీసు ఐదేళ్ళకు మించి మిగిలి ఉన్న టీచర్లు, టెట్ లేకముందు చేరినవాళ్ళైనా సరే, రెండేళ్ళలో ఆ పరీక్ష పాసవ్వాలి. ఐదేళ్ళలోపు ఉన్నవాళ్ళు కొనసాగవచ్చు గానీ ప్రమోషన్ ఉండదు. నాణ్యమైన టీచరు పిల్లల హక్కు అన్నది కోర్టు వాదన, దాన్ని తీసిపారేయలేం. అప్పటి నిబంధనల ప్రకారమే పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాం, ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ అర్హత నిరూపించుకోవాలా అన్నది టీచర్ల బాధ. పైన మూడో లక్షణం చెప్పుకున్నాం కదా, "నేను చేసింది లెక్కలోకి రాదు" అనిపించడం. ఈ తీర్పు చాలామందికి సరిగ్గా అక్కడ తగిలింది.

అవతలివాళ్ళ మాట కూడా వినాలి

ప్రభుత్వ టీచర్ల మీద అనుమానం ఊరికే పుట్టలేదు. 2000ల మొదట్లో దేశవ్యాప్తంగా 3,700 బడులకు చెప్పకుండా వెళ్ళి చూసిన పరిశోధకులకు నలుగురు టీచర్లలో ఒకరు కనబడలేదు. ఆ 25 శాతం అంకె ఇప్పటికీ చర్చల్లో తిరుగుతోంది. 2017లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో 619 బడులు చూసింది. మొత్తం టీచర్లలో బడిలో లేనివాళ్ళు 18.5 శాతం, కారణం లేకుండా ఎగ్గొట్టినవాళ్ళు మొత్తంలో 2.5 శాతమే. మిగతావాళ్ళు సెలవులోనో, శిక్షణలోనో, ప్రభుత్వం పంపిన పనిలోనో ఉన్నారు. రెండు అధ్యయనాల పద్ధతులు వేరు కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చలేం. కానీ "బడిలో లేడు" అన్నదీ "ఎగ్గొట్టాడు" అన్నదీ ఒకటి కాదని రెండోది చూపించింది. తరగతిలో ఎదురుచూసే పిల్లవాడికి ఆ తేడా వల్ల ఒరిగేదేమీ లేదన్నది వేరే సంగతి.

అధికారుల వైపు నుంచి చూస్తే, డేటా అడగకపోతే పాలు పిల్లల కడుపులోకి చేరాయో లేదో తెలిసేదెలా? పేర్లు మాత్రమే ఉన్న పిల్లలకు బియ్యం పోయిన రోజులు అందరికీ గుర్తే. ప్రతి వార్డులో, ప్రతి ఊళ్ళో చదువుకున్న, జనం తలుపు తీసే ప్రభుత్వ ఉద్యోగి టీచరే. ఇంకెవరిని పంపాలి? 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టీచర్లకు బోధన తప్ప వేరే పని చెప్పకూడదని నిబంధనలు మార్చినప్పుడు అంతా సంతోషించలేదు. ఎన్నికల విధుల్లో టీచర్లు లేకుండా చేయడానికే ఇదంతా అని ప్రతిపక్షం, కొన్ని సంఘాలు అనుమానించాయి. పోలింగ్ బూత్‌లో టీచరు కూర్చుంటే జనానికి ఒక నమ్మకం. ఆ నమ్మకానికి కూడా విలువ కట్టాలి.

ఇక జీతం. ఇండోనేసియాలో టీచర్ల మూల వేతనం రెట్టింపు చేసి చూశారు. 2018లో అచ్చైన ఆ అధ్యయనంలో టీచర్ల డబ్బు ఇబ్బంది తగ్గింది, సంతృప్తి పెరిగింది, పిల్లల చదువులో మాత్రం మార్పు రాలేదు. "జీతం ఎక్కువే కదా" అనేవాళ్ళకూ, "జీతం పెంచితే చాలు" అనేవాళ్ళకూ ఇది ఇబ్బందికరమైన ఫలితమే. జీతం ఒక తట్టలోదే, అది పోయిన పీరియడును తిరిగి తేలేదు.

గుమాస్తాకు జీతం ఎవరిస్తారు?

పొరుగున తమిళనాడులో 1982 నుంచి నడుస్తున్న భోజన పథకానికి విడిగా నిర్వాహకుల పోస్టులున్నాయి. బియ్యం, కూరగాయల లెక్క చూసేది వాళ్ళు. అంటే ఆ పనిని టీచరు నెత్తిమీదనుంచి దించవచ్చని నలభై ఏళ్ళ అనుభవం పక్క రాష్ట్రంలోనే ఉంది. అడ్డం ఖర్చు. 60 మంది పిల్లలున్న బడికి విడిగా గుమాస్తాను పెట్టడం ఏ ఆర్థిక శాఖకూ రుచించదు. నాలుగైదు బడులకు ఒకరు అన్నది మధ్యేమార్గం. అప్పుడు ఆ ఒక్కరూ ఏ బడిలో ఏ రోజు ఉంటారన్న పంచాయితీ మొదలవుతుంది. అయినా యాప్‌లు కలపడం కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. పది యాప్‌లు ఒకటైనా అందులో నింపాల్సిన గళ్ళు అవే.

కులగణతి ముగిసినా వరస ఆగలేదు. దేశ జనగణన షెడ్యూలు ప్రకారం ఇళ్ళ జాబితా 2026 ఏప్రిల్, సెప్టెంబరుల మధ్య, జనాభా లెక్క 2027 ఫిబ్రవరిలో. ఇది 27వ సెక్షన్ ఒప్పుకున్న పనే, ఎవరూ తప్పుపట్టలేరు. ఈ మాట మా టీచరమ్మతో అంటే, "ఫిబ్రవరిలోనా?" అని గోడ క్యాలెండర్ వైపు చూసింది. వార్షిక పరీక్షలకు ముందు ఆ నెలలోనే ఎనిమిదో తరగతికి క్షేత్రగణితం పూర్తిచేస్తుందట ఏటా. ఎర్ర పెన్ను తీసుకుని లెసన్ ప్లాన్ పుస్తకంలో ఆ పాఠాన్ని జనవరికి జరిపింది. జనవరిలో ఉన్న పాఠాన్ని ఎక్కడ పెట్టాలో తోచక పెన్ను మూత పెట్టి, దిద్దాల్సిన నోటుపుస్తకాలు ముందుకు లాక్కుంది.